క్వాంటిటీ సర్వేయర్ ట్రైనీగా ఎక్కడ చేరాలి? నల్గొండ, పాలమూరు పిల్లలకు ఎంపిక సలహా

సివిల్ డిప్లొమా అయిపోగానే, బీటెక్ చివరి సెమిస్టర్ రాయగానే మన వైపు పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “అన్నా, క్వాంటిటీ సర్వేయింగ్ లైన్‌లోకి రావాలని ఉంది. ఇక్కడే కాంట్రాక్టర్ దగ్గర చేరాల్నా, పెద్ద కంపెనీ సైట్‌కు పోవాల్నా, హైదరాబాద్‌లో ఆఫీసు చూసుకోవాల్నా, లేకుంటే కోర్సు చేసినంక చూడాల్నా?”

నా జవాబు ముందే చెప్తాను, కారణాలు తర్వాత చూద్దాం. మొదటి రెండేళ్లు జీతం చూసి చేరకండి, కంపెనీ పేరు చూసి చేరకండి. మీరు రాసిన కొలతల షీటును పక్కన కూర్చొని ఎర్ర పెన్నుతో దిద్దే మనిషి ఎక్కడ ఉన్నాడో చూసి అక్కడ చేరండి. ఆ మనిషి మిర్యాలగూడలో చిన్న కాంట్రాక్టర్ దగ్గర ఉండొచ్చు, గచ్చిబౌలిలో ఇరవయ్యో అంతస్తులో ఉండొచ్చు. ఆయన లేని చోట రెండేళ్లు పనిచేస్తే ఎక్సెల్ వేగం పెరుగుతుంది, అంతే.

ఈ పనిలో దిద్దే మనిషి ఎందుకంత అవసరం

డ్రాయింగ్ చూసి పరిమాణాలు తీయడం, బీవోక్యూ (పనుల పరిమాణాలు, రేట్ల పట్టిక) తయారు చేయడం, రేటును సామాను, కూలి, యంత్రాల ఖర్చులుగా విడదీయడం, జరిగిన పనిని కొలిచి రన్నింగ్ బిల్లు (పని నడుస్తుండగా పెట్టే బిల్లు) పెట్టడం, సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు సరిచూడడం, స్టీలు, సిమెంటు లెక్క తేల్చడం. ట్రైనీ నేర్చుకోవాల్సింది ఇదే. మన సైట్లలో ఈ పని చేసేవాళ్లను ‘బిల్లింగ్ ఇంజినీర్’ అంటారు. కాలేజీలో ఎస్టిమేషన్ సబ్జెక్టు చదివే ఉంటారు, కానీ అక్కడ చెప్పేది పొడవు, వెడల్పు, ఎత్తు గుణించడం వరకే. అసలు పని కొలత పద్ధతిలో ఉంటుంది.

ప్లాస్టరింగ్ సంగతే తీసుకోండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గోడ. రెండు వైపులా ఒకే రకం ప్లాస్టరింగ్. మొత్తం 24 చదరపు మీటర్లు. అందులో 1.2 మీటర్ల చదరపు కిటికీ ఒకటి, 0.6 మీటర్ల చదరపు వెంటిలేటర్ ఒకటి. కొత్తగా వచ్చిన కుర్రాడు రెండింటినీ రెండు వైపులా తీసేస్తాడు. నిర్మాణ పనులు ఎలా కొలవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 1200. దాని పన్నెండో భాగం ప్రకారం 0.5 చదరపు మీటరుకు మించని ఖాళీకి తగ్గింపే లేదు, కాబట్టి వెంటిలేటర్ జోలికి పోకూడదు. 0.5 నుంచి 3 చదరపు మీటర్ల దాకా అయితే ఒక వైపే తగ్గించాలి. కిటికీ 1.44 చదరపు మీటర్లు కాబట్టి ఒక్కసారే తీయాలి. నికరంగా వచ్చేది 22.56. కిటికీ పక్కలు, కింద గట్టు, పైభాగం చేతిపనితో పూసిన శ్రమ ఆ తీయని వైపులోకి వచ్చేసినట్టే. మూడు చదరపు మీటర్లు దాటితే పద్ధతి మారుతుంది: రెండు వైపులా తగ్గించి, పక్కలను విడిగా కొలిచి కలపాలి.

ఇది తెలియని ట్రైనీ షీటు రాస్తే నష్టపోయేది మేస్త్రీ. “సారూ, కిటికీ పక్కలన్నీ నేనే పూసిన గదా, రెండు దిక్కులా ఎందుకు కట్ చేసినవ్?” అని ఆయన అడిగినప్పుడు న్యాయం ఆయన వైపే ఉంటుంది. ఆయనకు కోడ్ నంబరు తెలియదు, పని తెలుసు. ఒక గది అయితే పోనీ అనుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో వంద ఫ్లాట్లకు ఇదే తప్పు పాకితే ఒక కుటుంబం నెలల కష్టం పోయినట్టే. ఇలాంటివి పుస్తకం చూసి ఒకటి రెండు పట్టుకోవచ్చు. మిగతావన్నీ పైన ఒకరు దిద్దితేనే ఒంటబడతాయి.

ఊళ్లో కాంట్రాక్టర్ దగ్గర

ఆర్ అండ్ బీ రోడ్లు, పంచాయతీరాజ్ పనులు, కాలువ లైనింగులు, స్కూలు భవనాలు చేసే కాంట్రాక్టర్లు నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో చాలామందే ఉన్నారు. వీళ్ల దగ్గర చేరితే మొదటి లాభం, పనిని మొదటి నుంచి చివరి దాకా చూస్తారు. ముగ్గు పోసిన రోజూ మీరే ఉంటారు, ఫైనల్ బిల్లు రోజూ మీరే ఉంటారు. పెద్ద కంపెనీలో ఈ అవకాశం దొరకడం కష్టం.

రెండో లాభం ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. ప్రభుత్వ పనిలో కొలతలు రాసేది డిపార్ట్‌మెంట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) లేదా ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్). పేజీ నంబర్లు వేసిన పుస్తకం, చింపడానికి, చెరపడానికి వీల్లేదు. తప్పు పడితే కొట్టేసి సంతకం పెట్టాలి. వాళ్ల పై అధికారులు డీఈఈ, ఈఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తారు, అంటే మళ్లీ కొలిచి సరిచూస్తారు. కాంట్రాక్టర్ తరఫున టేపు రెండో కొస పట్టుకొని నిలబడే మీరు, మీ షీటును, ఆ పుస్తకంలో పడిన కొలతను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. తేడా వచ్చిన ప్రతి చోటా ఎందుకొచ్చిందని అడగండి. మంచి ఏఈ దొరికితే పైసా ఫీజు లేని చదువు అది.

మూడోది మన నేల. ఇక్కడ పునాది తవ్వితే మొరం వస్తుంది, ఇంకా దిగితే బండ తగులుతుంది. మామూలు మట్టికి ఒక రేటు, మెత్తని రాయికి ఒకటి, పేల్చి తీయాల్సిన గట్టి రాయికి మరొకటి. ఎక్కడ మట్టి ఆగి ఎక్కడ రాయి మొదలైందో ఆ రోజే, రెండు పక్షాలూ నిలబడి లెవెల్ తీసి సంతకాలు పెట్టకపోతే తర్వాత ఎవరూ ఒప్పుకోరు. గుంట పూడ్చాక సాక్ష్యం ఉండదు. రాయిని గుంటలో కొలిచే వీలు లేకపోతే బయట కుప్పలు పేర్చి కొలుస్తారు, సందుల కింద సాధారణంగా సగం తీసేస్తారు. కుప్ప వదులుగా పేర్చారా, గట్టిగా పేర్చారా అన్నదాని మీద ఎంత డబ్బు ఆడుతుందో ఆలోచించండి. ఈ తగాదా చూడాలంటే దక్షిణ తెలంగాణ కంటే మంచి బడి లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాలమూరు లేబర్ అంటే దేశంలో డ్యాములు, కాలువలు కట్టిన ప్రతిచోటా తెలుసు. మట్టిపనికి పోయిన మన తాతలు, నాయనలు గుంటల మధ్య అక్కడక్కడా తవ్వకుండా దిమ్మెలు వదిలేవాళ్లు. పని అయ్యాక ఆ దిమ్మె ఎత్తు కొలిచి, దాన్నిబట్టి ఎంత మట్టి ఎత్తారో లెక్క కట్టి కూలి ఇచ్చేవాళ్లు. దిమ్మె కొలత రెండంగుళాలు తగ్గితే గుంపు మొత్తానికి కూలి తగ్గేది. గుంటలో ఉన్నవాళ్లు మనవాళ్లు, టేపు పట్టుకున్నవాళ్లు వేరేవాళ్లు. ఇప్పుడు వాళ్ల మనవలు టేపు పట్టుకునే వైపుకు వస్తున్నారు. అందుకే ఈ పని నేర్చుకునేవాళ్లు సగం సగం నేర్చుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఊళ్లో చేరడంలో నష్టాలు కూడా చిన్నవి కావు. చాలామంది కాంట్రాక్టర్ల దగ్గర బిల్లులు రాసే మనిషే ఉండడు. నెలకోసారి బయటి నుంచి ఒకాయన వచ్చి రాసిపోతాడు, మిమ్మల్ని మాత్రం సిమెంటు బస్తాలు లెక్కపెట్టడానికి, డీజిల్ తేవడానికి వాడతారు. ప్రభుత్వ బిల్లులు ఆగితే మీ జీతమూ ఆగుతుంది. పీఎఫ్ ఉండకపోవచ్చు, అనుభవ పత్రం అడిగితే లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసిస్తారు. కాబట్టి చేరే ముందు ఒకే ప్రశ్న: “మీ దగ్గర బిల్లులు ఎవరు రాస్తారు సార్?” జవాబులో ఒక మనిషి పేరు వచ్చి, ఆయన రోజూ ఆఫీసుకు వస్తాడని తెలిస్తే చేరండి. “అన్నీ నేనే చూసుకుంటా” అంటే ఇంకో చోటు చూడండి.

పెద్ద కంపెనీ ప్రాజెక్టు సైట్

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల రిజర్వాయర్లు, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, 44, 65 నంబర్ల జాతీయ రహదారులు, జడ్చర్ల పోలేపల్లి ఫ్యాక్టరీలు. పెద్ద సైట్ చూడాలంటే ఇప్పుడు మన పిల్లలు ముంబై పోవాల్సిన అవసరం లేదు. ఇలాంటి చోట ప్లానింగ్, బిల్లింగ్, సబ్ కాంట్రాక్ట్ విభాగాలు విడివిడిగా ఉంటాయి. ప్రతిదానికీ ఫార్మాట్ ఉంటుంది. క్యాంపులో తిండి, గది దొరుకుతాయి కాబట్టి జీతం తక్కువైనా చేతిలో మిగులుతుంది.

చేరడానికి దారి తెలియకపోతే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకోండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా, డిగ్రీ వాళ్లకు ఏడాది శిక్షణ ఇచ్చే పథకం ఇది. తెలంగాణకు చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు చూస్తుంది. నిర్దేశించిన కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది కాబట్టి కంపెనీలకూ ఇది భారం కాదు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తామన్న హామీ చట్టంలో లేదు, అది తెలిసే చేరండి. చివర్లో వచ్చే సర్టిఫికెట్ మాత్రం పనికొస్తుంది.

ఇక్కడి ప్రమాదం వేరు. పని ముక్కలై ఉంటుంది. మిమ్మల్ని స్టీలు లెక్కలో కూర్చోబెడితే రెండేళ్లు అక్కడే ఉండిపోవచ్చు. అయితే ఆ స్టీలు లెక్కలోనూ లోతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బిల్లులో బరువు కట్టేది సూత్రంతో: వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి, 8 మిల్లీమీటర్ల కడ్డీకి 0.395. స్టోర్‌లోకి వచ్చేది కాటా బరువు. స్టీలు కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 10 మిల్లీమీటర్ల దాకా కడ్డీల బరువు అటూఇటూ ఏడు శాతం తేడా ఉండొచ్చు. వచ్చిన లాట్ ఐదు శాతం ఎక్కువ బరువు ఉందనుకోండి. కాటాలో పది టన్నులు దిగింది, బిల్లులో మాత్రం 9.52 టన్నులే కనబడుతుంది. మిగిలిన 480 కిలోలు ఎక్కడికి పోయాయని స్టోర్ కీపర్‌ను నిలదీస్తారు. పాపం ఆయన ఏం చెప్తాడు? లాట్ దిగిన రోజే రెండు మూడు మీటరు ముక్కలు కోసి తూకం వేసి రాసిపెట్టిన ట్రైనీ ఉంటే ఒక మనిషి పరువు నిలబడుతుంది. అలా రాసి పెట్టే పద్ధతి పెద్ద సైట్లలోనే బాగా అలవాటవుతుంది.

ఆర్నెల్లకోసారి విభాగం మార్చమని అడగండి. రాతపూర్వకంగా, మర్యాదగా. మార్చకపోతే సాయంత్రం పూట పక్క విభాగం వాళ్ల దగ్గర కూర్చోండి, క్యాంపులో ఉండేది అందుకే పనికొస్తుంది.

హైదరాబాద్ ఆఫీసులు

ఇక్కడ రెండు రకాలున్నాయి, రెండూ ఒకటే అనుకొని చాలామంది పొరపడతారు. ఒకటి బిల్డర్ల ఆఫీసులు, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీలు: కోకాపేట, గచ్చిబౌలి టవర్లకు టెండర్లు పిలవడం, కొటేషన్లు పోల్చడం, కాంట్రాక్టర్ బిల్లులు సర్టిఫై చేయడం. రెండోది విదేశీ పని చేసిపెట్టే ఆఫీసులు: బ్రిటన్‌దో, ఆస్ట్రేలియాదో, గల్ఫ్‌దో డ్రాయింగ్ వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీసి పరిమాణాలు తీసి పంపుతారు.

మొదటి రకంలో మంచి సీనియర్ కింద అవకాశం వస్తే వదులుకోకండి. కాంట్రాక్టర్ పెట్టిన బిల్లును తిప్పి పంపాలంటే కారణం రాయాలి. ఆ కారణాలు రాస్తూ రాస్తూ కాంట్రాక్టు క్లాజులు వాటంతట అవే వస్తాయి.

రెండో రకం మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను: అది మొదటి ఉద్యోగంగా మంచిది కాదు, మూడో ఏడాది తర్వాత చాలా మంచిది. ఏసీ గది, శని ఆదివారాలు సెలవు, ఇంగ్లిష్ మెయిళ్లు, కొత్త సాఫ్ట్‌వేర్ అన్నీ బాగుంటాయి. అయితే అక్కడ వాడేది బ్రిటిష్ ఎన్‌ఆర్‌ఎం కొలత నియమాలో, గల్ఫ్ పనులకైతే పోమీ అనే అంతర్జాతీయ కొలత నియమాలో. తగ్గింపులు, యూనిట్లు, ఐటెం విడదీసే తీరు మన ఐఎస్ 1200తో కలవవు. సెంట్రింగ్ కట్టడం, విప్పడం కళ్లతో చూడనివాళ్లు షటరింగ్ (కాంక్రీట్ పోయడానికి కట్టే అచ్చు) చదరపు మీటర్లు ఎంత కచ్చితంగా తీసినా, దాని రేటు ఎందుకంత ఉందో చెప్పలేరు. రేటు చెప్పలేని క్వాంటిటీ సర్వేయర్‌కు పదేళ్ల తర్వాత ఎదుగుదల ఆగిపోతుంది. సైట్ చూసి వచ్చినవాళ్లు అదే కుర్చీలో కూర్చుంటే నిమిషాల్లో తప్పు పడతారు.

ఖర్చు సంగతి కూడా ఇంట్లో కూర్చొని లెక్కేసుకోండి. హాస్టల్ అద్దె, తిండి, బస్సు పాస్ పోను మిగిలేది జడ్చర్ల సైట్‌లో మిగిలేదానికంటే తక్కువ ఉండొచ్చు.

చదువు: ఇప్పుడా, తర్వాతా?

పదో తరగతి అయినవాళ్లకైతే సందేహమే వద్దు. పాలిసెట్ రాసి నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గానీ, వనపర్తి కేడీఆర్ పాలిటెక్నిక్‌లో గానీ మూడేళ్ల సివిల్ డిప్లొమా చేయండి. ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినవాళ్లూ ఈ లైన్‌లో నిలబడతారు. డ్రాయింగ్ చదవడంలో వాళ్ల చేయి మిగతావాళ్లకంటే ముందే ఉంటుంది.

డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాలా, పనికి పోవాలా? ఇంట్లో వెంటనే డబ్బు అవసరం లేకపోతే, ర్యాంకు మంచిదైతే బీటెక్ చేయండి. ప్రభుత్వ ఏఈ పోస్టుకు డిప్లొమా చాలు, ఏఈఈకి డిగ్రీ కావాలి. గల్ఫ్‌లోనూ డిగ్రీ అడుగుతారు. కువైట్ అయితే ఇంజినీర్ హోదాకు ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న కోర్సు చదివారా అని చూస్తుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడే సివిల్ బ్రాంచికి ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, చేరాక అడిగితే లాభం లేదు.

పనిచేస్తూ చదవాలనుకునేవాళ్లు జాగ్రత్త. దూరవిద్యలో బీటెక్ అని చెప్పి డబ్బు కట్టించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజినీరింగ్‌ను దూరవిద్యలో చెప్పడం కుదరదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంజినీర్ల సంస్థ పరీక్షలు రాసి పాసయ్యే ఏఎంఐఈ చేయమని పెద్దవాళ్లు సలహా ఇస్తారు, వాళ్ల కాలానికి అది నిజమే. 2013 మే 31 తర్వాత నమోదైనవాళ్లకు డిగ్రీతో సమానమన్న గుర్తింపు లేదు. ఉద్యోగం చేసే డిప్లొమా వాళ్ల కోసం వేళలు సర్దుబాటు చేసి బీటెక్ నడపడానికి సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ కొన్ని కాలేజీలకు అనుమతి ఇస్తోంది. దారి అది ఒక్కటే. మీ పనిచోటుకు దగ్గర్లో అలాంటి కాలేజీ ఉందో లేదో ఏఐసీటీఈ వెబ్‌సైట్‌లో చూడండి.

అమీర్‌పేట తరహా మూడు నెలల కోర్సుల మీద నాకు కోపం లేదు. ఆటోక్యాడ్, ఎక్సెల్ రానివాళ్లకు అవి పనికొస్తాయి. “నూరు శాతం ప్లేస్‌మెంట్” అని చెప్పి పెద్ద ఫీజు అడిగితే మాత్రం వద్దు. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దగ్గరున్న, నిర్మాణ మేనేజ్‌మెంట్ చెప్పే నిక్‌మార్ లాంటి చోట పీజీ చేయాలంటే ఒకటి రెండేళ్లు సైట్ చూసి వెళ్లండి. క్లాసులో చెప్పే క్లెయిముల (కాంట్రాక్టర్ అదనంగా అడిగే డబ్బు, గడువు) పాఠం అప్పుడే అర్థమవుతుంది, అప్పు చేసి కట్టే ఫీజుకూ న్యాయం జరుగుతుంది. లండన్‌లో 1868లో పుట్టిన సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ సభ్యత్వం గల్ఫ్‌లో, బ్రిటిష్ కంపెనీల్లో తలుపులు తెరుస్తుంది. ట్రైనీగా ఇప్పుడే దాని ఫీజు కట్టక్కర్లేదు. ఏ రోజు ఏం కొలిచారు, ఏ తగాదా ఎలా తేలిందన్న డైరీ మాత్రం ఇప్పటి నుంచే రాయండి, ఆ సభ్యత్వ పరీక్షలో అడిగేది మీ సొంత పని గురించే.

ఎవరికి ఏది

డిప్లొమా చేసి, ఇంటికి నెలనెలా కొంత పంపాల్సినవాళ్లకు పెద్ద సైట్ అప్రెంటిస్‌షిప్ మొదటిది, బిల్లులు రాసే మనిషి ఉన్న స్థానిక కాంట్రాక్టర్ రెండోది. బీటెక్ చేసి, ఏడాది ఇంట్లోవాళ్లు ఆగగలిగితే స్థానిక కాంట్రాక్టర్ దగ్గర ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా చూసి హైదరాబాద్ కన్సల్టెన్సీకి వెళ్లండి. ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన దారి.

ఆడపిల్లలను సైట్‌కు పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు, ఆఫీసే మేలంటారు. ఈ పనిలో ఓపిక, నిజాయితీ, లెక్క ముఖ్యం. మన జిల్లాల అమ్మాయిలకు ఆ మూడూ ఉన్నాయి. సైట్ చూడకుండా ఆగిపోతే వాళ్లకే నష్టం. అందుకని “సైట్ వద్దు” అనే ముందు వెళ్లి చూసి రండి: విడి టాయిలెట్ ఉందా, రాత్రి కాంక్రీట్ ఉన్న రోజు కంపెనీ బండి ఇంటి దాకా దింపుతుందా, ఇంకో మహిళా ఇంజినీర్ ఉందా. ఇవి ఉన్న సైట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికివ్వకండి, జిరాక్సులే ఇవ్వండి. రెండేళ్ల బాండ్ అడిగితే మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చదివి సంతకం పెట్టండి. ఆఫర్ లెటర్‌లో హోదా ‘సైట్ సూపర్‌వైజర్’ అని ఉంటే ‘ట్రైనీ బిల్లింగ్ ఇంజినీర్’ అనో ‘ట్రైనీ క్వాంటిటీ సర్వేయర్’ అనో మార్చమని ఆ రోజే అడగండి. రేపు గల్ఫ్ ఇంటర్వ్యూలోనైనా, ఆర్‌ఐసీఎస్ దరఖాస్తులోనైనా ముందు చదివేది ఆ ఒక్క లైనే, చేరిన ఏడాది తర్వాత అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని మార్చరు.